ఫోను పోయిన పందొమ్మిది రోజులు

2025 నవంబరు 10, కార్తీక మాసంలో మూడవ సోమవారం. తెల్లవారుజామున కోటిలింగాల రేవులో స్నానం చేసి, అరటి దొప్పలో దీపం వదిలి, అది నీటి మీద నాలుగు బారలు సాగే వరకు ఆగి, ఫొటో తీసి మండపేటలో ఉన్న అమ్మకు పంపించాను. ఆ ఫోనుతో నేను చేసిన చివరి పని అదే. ఇంటికి వచ్చి, చీర మార్చుకుని, ఏడు నలభైకి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాను. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల రాజమహేంద్రవరానికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో, కోరుకొండ దాటాక ఉంటుంది. ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఉదయం బస్సులో కూర్చునే చోటు దొరకడం మానేసింది కనుక నేను నిలబడే వెళ్తున్నాను. ఒక చేత్తో పైకమ్మీ, రెండో చేత్తో క్యారియరు సంచీ పట్టుకుంటే భుజానికి వేలాడే చేతిసంచీకి కాపలా ఉండదు. ఎవరైనా తీశారా, ఆధార్ చూపించి టికెట్టు తీసుకునేటప్పుడు నేనే జారవిడిచానా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు.

తెలిసింది మాత్రం ఎనిమిది యాభైకి, బడి వరండాలో. మాకు 2022 నుంచి హాజరు ఫోనులోనే పడుతుంది. బడి ఆవరణలో నిలబడి, తెరలో ముఖం చూపించి, తొమ్మిది లోపల నమోదు చేయాలి. అందరూ గోడ పక్కన వరుసగా నిలబడి ఎవరి ముఖాన్ని వాళ్లు చూసుకుంటూ ఉండగా నేను సంచీలో చెయ్యి పెట్టాను. క్యారియరు మూత, కళ్లజోడు పెట్టె, ఎర్ర పెన్నులు, పదో తరగతి పేపర్ల కట్ట తగిలాయి. సంచీని బల్ల మీద బోర్లించాను. లెక్కల మాస్టారు తన ఫోనులోంచి నా నంబరుకు చేస్తే రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి చేసేసరికి స్విచాఫ్ అని వచ్చింది. ఆ రోజుకు హెడ్ మాస్టరు గారి ఫోనులో నా హాజరు పడింది.

“ఇంట్లో వాళ్లకు చెప్పండి మేడం” అని మాస్టారు ఫోను నా చేతికిచ్చారు. అప్పుడు తెలిసింది, నాకు నోటికి వచ్చిన నంబర్లు రెండే రెండని. ఒకటి మావారిది, 2006లో ఇద్దరి సిమ్ములూ ఒకే రోజు కొన్నాం, చివరి అంకె ఒక్కటే తేడా. రెండోది మా పుట్టింటి ల్యాండ్ లైను, తీసేసి పద్నాలుగేళ్లయింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి నంబరులో మొదటి నాలుగు అంకెల తరువాత నాకు ఏమీ గుర్తు రాలేదు.

మావారు కాకినాడలో పని చేస్తారు. ఆయన కంగారు పడకుండా, “ముందు సిమ్ము ఆపించు, తరువాత బ్యాంకు” అన్నారు. కస్టమర్ కేర్‌కు మాస్టారు ఫోనులోంచే చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక పదకొండు నిమిషాలకు ఒక అమ్మాయి పలికి, కనెక్షను ఎవరి పేరు మీద ఉందని అడిగింది. నా పేరు చెప్పాను. “పేరు సరిపోవడం లేదండి” అంది. ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, పుట్టింటి ఇంటిపేరుతో కూడా చెప్పి చూశాను. చివరికి అనుమానం వచ్చి మావారి పేరు చెబితే సరిపోయింది. 2006లో దుకాణంలో ఆయన ఓటరు కార్డు జిరాక్సులు రెండు ఇచ్చి రెండు సిమ్ములు తీసుకున్నారట. పందొమ్మిదేళ్లుగా నేను బ్యాంకులో, ఆధార్‌లో, గ్యాసు ఏజెన్సీలో, పిల్లల తల్లిదండ్రులందరికీ నాదని ఇచ్చిన నంబరు కాగితం మీద నాది కాదు. దీని ఫలితం మరునాడు గాని పూర్తిగా తెలియలేదు.

సగం రోజు సెలవు పెట్టి పదకొండున్నరకు బ్యాంకుకు వెళ్లాను. ఎదురుగా మనిషి ఉంటే పని ఎంత త్వరగా అవుతుందో అక్కడ చూశాను. పాసు పుస్తకం చూసి, నాలుగు సంతకాలు తీసుకుని, యూపీఐని, ఫోను బ్యాంకింగును పది నిమిషాల్లో ఆపేశారు. డబ్బు ఏమీ పోలేదు. అదే పనిని అంతకు ముందు హెల్ప్ లైనులో చేయబోతే, పోయిన ఫోనుకే ఓటీపీ పంపించి అది చెప్పమన్నారు. ఫోను పోయిందని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఓటీపీ పంపారు.

మధ్యాహ్నం పోలీసు స్టేషనులో రైటరు గారు నా మాట పూర్తి కాకముందే, “డబ్బా ఉందా అమ్మా?” అని అడిగారు. ఫోను పెట్టె గురించి. ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, కొన్న బిల్లు, ఆధార్ నకలు కావాలన్నారు. ఫోను చేతిలో ఉన్నప్పుడైతే *#06# నొక్కితే ఆ పదిహేను అంకెలు తెర మీద కనబడతాయి. పోయాక పెట్టే గతి. మా ఇంట్లో ఏ పెట్టెనూ పారేయని నా గుణాన్ని మావారు ఎన్నోసార్లు ఎగతాళి చేశారు. అటక మీది పాత సూట్‌కేసులో, విరిగిన మట్టిగాజులూ ఊలు ఉండలూ దాచిన పెట్టెలో, అడుగున అంటించిన చీటీ మీద రెండు ఐఎంఈఐ నంబర్లూ భద్రంగా ఉన్నాయి. ఆధార్ దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. బస్సులో చూపించడానికి వీలుగా ఉంటుందని ఆధార్ కార్డును ఫోను వెనక కవరులో పెట్టుకున్నాను. దానితో పాటు అదీ పోయింది, దాని వెనక మడిచి పెట్టిన ఐదు వందల నోటూ పోయింది. పాత నకలు ఒకటి ఉంటే ఇచ్చాను. ఫిర్యాదు ముద్ర వేసి ఇచ్చేటప్పుడు రైటరు గారు ఒక మాట చెప్పారు, అది ఎవరికైనా పనికొస్తుంది: “ముందు అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకోండమ్మా. పోర్టల్‌లో మీ నంబరుకే ఓటీపీ అడుగుతుంది. అది లేకుండా ఫోను బ్లాకు చేయించలేం.” ఆయన చెప్పింది కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్లను ఆపించే సీఈఐఆర్ విభాగం గురించి. అక్కడ నమోదు చేస్తే ఆ ఫోనులో ఏ సిమ్ము వేసినా పని చేయదు, వేసినవాళ్ల జాడ మాత్రం పోలీసులకు చేరుతుంది.

సాయంత్రం సిమ్ము దుకాణానికి వెళ్తే, ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే వచ్చి వేలిముద్ర వేయాలన్నారు. మావారు కాకినాడ నుంచి వచ్చేసరికి దుకాణం మూసేశారు. మర్నాడు మంగళవారం ఆయన పూట సెలవు పెట్టి వచ్చారు. పదకొండు నలభైకి వేలిముద్ర, ఫొటో, యాభై రూపాయలు. మధ్యాహ్నం మూడు యాభైకి సిగ్నలు వచ్చింది. సిమ్ము వేసుకోవడానికి పక్క దుకాణంలో 1,399 రూపాయలు పెట్టి బటన్ల ఫోను కొన్నాను. కొత్త స్మార్ట్‌ఫోను ఎందుకు కొనలేదని చాలామంది అడిగారు. పోయినదాన్ని ఫిబ్రవరిలో 17,499 రూపాయలకు, నెలకు 1,458 చొప్పున వాయిదాల మీద కొన్నాను, ఇంకా మూడు వాయిదాలు కట్టాలి. లేని ఫోనుకూ ఉన్న ఫోనుకూ కలిపి వాయిదాలు కట్టడానికి నాకు మనసొప్పలేదు. దానితో పాటు, రాత్రుళ్లు పదకొండున్నర దాకా దాన్ని చూస్తూ పడుకునే అలవాటు మీద నాకే విసుగుండేది. పోతే పోయింది, కొన్నాళ్లు అది లేకుండా ఉండి చూద్దామన్న పంతం కూడా పుట్టింది.

కొత్తగా తీసుకున్న సిమ్ముకు మొదటి ఇరవై నాలుగు గంటలూ మెసేజీలు రావు, పోవు. దొంగలు మన పేరు మీద సిమ్ము మార్పించి ఓటీపీలు కాజేయకుండా పెట్టిన కట్టుబాటు అది, మంచిదే. అయితే ఆ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పలేదు. బుధవారం ఉదయం ఆరున్నరకు గ్యాసు బండ వచ్చింది. డెలివరీ అబ్బాయి బండను గుమ్మంలో దించి, “కోడ్ చెప్పండి మేడం” అన్నాడు. కోడ్ మెసేజీలో రావాలి, మెసేజీలు సాయంత్రానికి గాని రావు. పన్నెండేళ్లుగా మా ఇంటికి బండ వేస్తున్న మనిషే. “మీరెవరో నాకు తెలుసు గానండి, కోడ్ కొట్టకపోతే మా దాంట్లో డెలివరీ అయినట్టు పడదండి” అని నొచ్చుకుంటూనే బండను మళ్లీ ఆటో ఎక్కించాడు. అతను నన్నూ నా గుమ్మాన్నీ గుర్తు పట్టాడు. గుర్తు పట్టవలసింది మాత్రం ఫోనులోని అంకెలను. ఆ బండ మళ్లీ శనివారం వచ్చింది.

అదే సాయంత్రం నాలుగు గంటలకు ముప్పై ఒక్క మెసేజీలు ఒక్కసారిగా పడ్డాయి. అందులో నాకు పనికొచ్చినవి రెండు. నెట్ సెంటరులో ముప్పై రూపాయలిచ్చి పోర్టల్‌లో ఫిర్యాదు నకలు, బిల్లు ఎక్కించాను. రిక్వెస్టు నంబరు ఇచ్చారు. మరునాడు, 13వ తేదీన, ఫోను బ్లాకు అయినట్టు మెసేజీ వచ్చింది.

డబ్బుతో పడిన పాట్లు ఇంకోరకం. ఏటీఎం కార్డు ఉంది, దాని పిన్ను మరిచిపోయాను, ఎందుకంటే రెండేళ్లుగా దాన్ని వాడిన పాపాన పోలేదు. కొత్త పిన్ను కావాలంటే నంబరుకు ఓటీపీ రావాలి. అది కుదిరే వరకు, మళ్లీ బ్యాంకుకు వెళ్లి విత్‌డ్రాయల్ ఫారం నింపి పది వేలు తెచ్చుకున్నాను. ఆ ఫారం మీద అంకెలను అక్షరాల్లో రాసేటప్పుడు ‘రూపాయలు పదివేలు మాత్రమే’ అని రాసి ఎన్నేళ్లయిందో లెక్క వేసుకున్నాను. రైతుబజారులో ఐదు వందల నోటు తీస్తే బెండకాయల ఆమె నవ్వింది: “చిల్లరెక్కడిదమ్మా, అందరూ ఫోన్‌పే కొట్టేవాళ్లేగా. రేపు ఇద్దురుగాని.” మూడు రోజుల పాటు ఆమె దగ్గర నాకు అరవై ఐదు రూపాయల ఖాతా నడిచింది. బటన్ల ఫోనులో *99# కొట్టి డబ్బు పంపవచ్చని విని అదీ ప్రయత్నించాను. అంకెల్లో జవాబులు కొడుతూ పోవాలి. కళ్లజోడు సవరించుకునేలోపు గడువు అయిపోయి మొదటికి వచ్చేది. మూడోసారికి రెండు వందల రూపాయలు మావారి ఖాతాకు చేరాయి. విజయం సాధించినట్టే అనిపించింది, మళ్లీ చేయలేదు.

అలవాటు సంగతి నిజాయితీగా చెప్పాలి. మొదటి రెండు రాత్రులూ దిండు పక్కన చెయ్యి తడుముకుంది. బోర్డు మీద రాస్తూ ఉండగా నడుం దగ్గర ఏదో వణికినట్టనిపించి ఆగిన సందర్భాలున్నాయి, అక్కడ ఏమీ లేదు. నాలుగో రోజుకు అదంతా ఎటుపోయిందో పోయింది. 280 రూపాయల టిక్కుటిక్కు గడియారం కొని తల దగ్గర పెట్టుకున్నాను, పదింటికే నిద్ర పట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చునే అదృష్టం కలిగిన రోజున, అక్టోబరు 28 రాత్రి మొంథా తుపానుకు పడిపోయిన చేను ఎంత లేచిందో చూస్తూ వెళ్లాను. ఏదో పెద్ద వైరాగ్యం కావాలనుకున్నది ఇంత తేలిగ్గా వదిలిపోవడం నాకే ఆశ్చర్యంగా అనిపించింది. వదలనిది వేరే. హాజరుకు రోజూ తొమ్మిదింటికి ముందు హెడ్ మాస్టరు గారి గది బయట నిలబడవలసి వచ్చేది. గ్రూపులో పెట్టిన సమావేశం సంగతి తెలియక ఒకసారి వెళ్లలేకపోతే, “గ్రూపులో పెట్టాను కదా మేడం” అన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకూ పైనుంచి గ్రూపులోనే వస్తాయి. పిల్లల మార్కులు ఎక్కించడానికి ఇంగ్లీషు టీచరు ఫోను రెండు రోజులు అరువు తీసుకున్నాను, ఆమె ఛార్జి అయిపోయింది. మన వ్యసనం గురించే అందరూ ప్రసంగిస్తారు. నేను చూసింది వ్యసనం నాలుగు రోజుల్లో లొంగిపోవడం, అవసరం ఒక్క పూట కూడా వదలకపోవడం. కౌంటర్లన్నీ ఫోను లోపలికి మారిపోయాక అది లేని మనిషి ప్రతి చోటా ఎవరో ఒకరి ఫోను అరువు అడగాలి. యాభై రెండేళ్ల వయసులో రోజుకు నాలుగుసార్లు అరువు అడగడం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

పంతం సడలింది మాత్రం అమ్మ వల్ల. అమ్మకు డెబ్బై ఎనిమిది. చెవులు దాదాపు వినబడవు, మిషను పెట్టుకుంటే గాలి హోరులా ఉందని తీసేస్తుంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి తమ్ముడి ఫోనులో వీడియో చేస్తుంది. వీడియోలో మాట వినబడుతుందని కాదు. పెదవులు చూసి పోల్చుకుంటుంది. నేను దీపం దగ్గర కూర్చుని, ముఖం నిండుగా కనబడేలా పెట్టుకుని, ఒక్కొక్క మాటా ఆపి ఆపి అంటాను. “అన్నం... తిన్నావా?” అంటే “తిన్నా, వంకాయ” అంటుంది. ఐదు నిమిషాల కంటే ఎక్కువ మాట్లాడేది లేదు. బటన్ల ఫోను వచ్చాక ఎనిమిదింటికి నేను మామూలుగా చేస్తే మరదలు ఎత్తి, నేను చెప్పింది అమ్మకు కాగితం మీద రాసి చూపించేది, అమ్మ చెప్పింది నాకు చెప్పేది. మరదలి ఓపికకు దండం పెట్టాలి. అయినా రెండో వారంలో ఒక రాత్రి ఆమె గొంతు తగ్గించి, “వదినా, అత్తయ్య నాలుగు రోజుల నుంచి ఎనిమిదింటికి ఫోను ముందు కూర్చుని తెర తుడుస్తున్నారు. మీకేదో అయిందని, మేం దాస్తున్నామని అనుకుంటున్నారు” అంది. కాగితం మీద ఎంత రాసినా అది మరదలి చేతిరాతే కదా. ఆ ఆదివారమే వెళ్లి కనబడి వచ్చాను. అమ్మ నా గడ్డం పట్టుకుని, “సెల్లు పోతే మనిషే పోయినట్టుందే” అంది.

నవంబరు 29, శనివారం. అమ్మాయి హైదరాబాదు నుంచి వస్తూ తన పాత ఫోను తెచ్చింది, మూల పగిలింది గాని పని చేస్తుంది. ఫోను చేతికి రావడం ఒక ఎత్తు, అందులో మళ్లీ మనం మనమని రుజువు చేసుకోవడం ఒక ఎత్తు. ఆదివారం ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగయింది. యూపీఐ కోసం సిమ్ములోంచి మెసేజీ వెళ్లాలి. రీఛార్జిలో మెసేజీలు లేవని రెండుసార్లు విఫలమయ్యాక అమ్మాయి కనిపెట్టింది. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, కొత్త పిన్ను. మొదటి రోజు ఐదు వేలు దాటి పంపనివ్వలేదు. వాట్సాప్ పాత సంభాషణలు అక్టోబరు చివరి వరకు తిరిగొచ్చాయి. పదో తేదీ తెల్లవారుజామున తీసిన దీపం ఫొటో అమ్మవైపు ఉంది, నావైపు లేదు. ఎనిమిదింటికి అమ్మకు చేశాను. నన్ను చూసి, తరువాత పగిలిన మూలను చూసి, “అద్దం మార్పించుకో” అంది.

పోయిన ఆధార్ కార్డుకు యాభై రూపాయలు కట్టి కొత్తది తెప్పించుకున్నాను, ఈలోపు బస్సులో ఓటరు కార్డు చూపించాను. ఫోను ధర, వాయిదాలు పక్కన పెడితే ఈ వ్యవహారంలో చేతి నుంచి పడింది సుమారు రెండు వేల ఆరు వందలు. అందులో సగం పైగా ఆ బటన్ల ఫోనుదే. అది కాక నాకు సగం రోజు, ఆయనకు సగం రోజు సెలవు.

డిసెంబరు 23న, మంగళవారం, ఐదో పీరియడులో స్టేషను నుంచి ఫోను వచ్చింది. దొరికిందన్నారు. పక్క జిల్లాలో ఒక తాపీ పనివాడు ఎవరి దగ్గరో మూడు వేలకు కొని, సిమ్ము వేస్తే టవరు రావడం లేదని రిపేరు దుకాణాలు తిరుగుతున్నాడట. అతను వేసిన సిమ్మే జాడ చెప్పింది. 27న వెళ్లి, పెట్టె, బిల్లు చూపించి, పుస్తకంలో సంతకం చేసి తీసుకున్నాను. బ్లాకు తీయించడానికి మళ్లీ అదే పోర్టల్‌లో, అదే రిక్వెస్టు నంబరుతో అడగాలి. ఆ పని స్టేషనులోనే చేసిపెట్టారు. నా కవరు లేదు, ఆధార్ లేదు. గీతలు పడిన నా పాత అద్దం తీసేసి అతను కొత్త గార్డు వేయించుకున్నాడు. తెర మీద, పిల్లాడొకడు తన కంటే ఎత్తైన సైకిలును పట్టుకుని నిలబడిన ఫొటో ఉంది. అతని మూడు వేలు ఎవరిస్తారని అడిగాను. రైటరు గారు, “దొంగ సొత్తు కొనకూడదని తెలియాలి కదమ్మా” అన్నారు. నిజమే. ఇంటికి వచ్చాక ఆ ఫోనులో ఉన్నదంతా చెరిపించడానికి అమ్మాయికి ఫోను చేస్తే, ఎలా చేయాలో చెబుతూ ఎందుకు ఆలస్యం చేస్తున్నావని రెండుసార్లు అడిగింది.

ఇక మిగిలింది నంబరును నా పేరు మీదికి మార్పించుకోవడం. దానికి ఇద్దరమూ కలిసి దుకాణానికి వెళ్లాలి. జనవరి మొదటి శనివారం వెళ్లాం. మావారి వేలిముద్ర మొదటిసారికే పడింది. ఇరవై నాలుగేళ్లుగా సుద్దముక్క పట్టుకున్న నా బొటనవేలు నాలుగుసార్లు పెట్టినా మిషను పోల్చుకోలేదు. వేలికి కొబ్బరినూనె రాసుకుని వచ్చే శనివారం రమ్మన్నారు.